బీరు పులియడం ఎప్పుడు పూర్తయినట్టు?



ఇంట్లో బీరు తయారు చేసుకోవడం మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "బకెట్లో బుడగలు ఆగిపోయాయండీ, ఇక సీసాల్లో పోసెయ్యొచ్చా?" ఫోన్ చేసి అడుగుతారు. పుట్టినరోజు విందుల్లో పక్కకు పిలిచి అడుగుతారు. ఈరోజు మాట్లాడబోయేది ఆ ఒక్క ప్రశ్న గురించే. దానికి తొందరపడి చెప్పుకున్న జవాబు వల్ల సీసాలు పేలతాయి, గాజు పెంకులు ఎగిరి చేతులూ కళ్లూ గాయపడతాయి. అందుకే దీన్ని చిన్న విషయంగా చూడలేను.

ముందు చట్టం సంగతి చెప్పుకోవాలి. ఇక్కడ అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. అది ఎత్తేశాక ఇంట్లో ద్రాక్షసారా చేసుకోనిచ్చారు గాని, బీరు మాత్రం ఆ అనుమతిలో చేరలేదు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక గాని ఆ లోటు తీరలేదు. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో ఈ వెసులుబాటు 1963లోనే వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చెయ్యడం ఎక్సైజు చట్టం కింద నేరం. అక్కడ ఉండి వింటున్నవాళ్లు దీన్ని సైన్సు పాఠంగానే వినాలని మనవి.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, మన ఊళ్లలో దాన్ని ఎవరూ అడగగా నేను వినలేదు. తాటికల్లు, ఈతకల్లు, మన్యంలో జీలుగు కల్లు, ఇవన్నీ పులిసేవే. వాటిలో పనిచేసే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనది బీరులో ఉండే ఈస్టే. చెట్టు మీద కుండలోకి చుక్కలు పడుతుండగానే పులియడం మొదలవుతుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నం దాటేసరికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడి తాగడానికి పనికిరాదు. అది పులుస్తూ ఉండగానే తాగే పానీయం. ఆ కుండకు ఎవరూ మూత బిగించరు కాబట్టి పుట్టిన గ్యాసు పుట్టినట్టే పోతుంది. బీరు అలా కాదు. సీసాలో పోసి, లోహపు మూత నొక్కి, వారాల తరబడి దాస్తాం. మన ప్రశ్న పుట్టేది ఆ మూత దగ్గరే. లోపల ఇంకా పులియడానికి చక్కెర మిగిలి ఉండగా మూత బిగించామా, ఆ గ్యాసు వెళ్లడానికి దారి ఉండదు.

పులియడం అంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం చూద్దాం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని పగలగొట్టి 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరలుగా మారుతుంది. ఆ తియ్యటి నీటిని వడగట్టి, హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చితే వచ్చే ద్రవం పేరు వర్ట్. అందులో ఈస్టు కలుపుతాం. ఈస్టుకు తిండిలో వరస ఉంది. గ్లూకోజును ముందు ముగిస్తుంది, తర్వాత మాల్టోజు, చిట్టచివర మాల్టోట్రయోజు. డెక్స్‌ట్రిన్లనే పెద్ద అణువుల్ని మామూలు బీరు ఈస్టు అసలు తినలేదు. బీరుకు నోట్లో ఉండే చిక్కదనం అలా మిగిలిపోయిన వాటివల్లనే వస్తుంది. గ్లూకోజు లెక్కలో చెప్పాలంటే, 100 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 51 గ్రాముల ఆల్కహాలు, 49 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ రావాలి. అంటే తిన్న చక్కెరలో దాదాపు సగం బరువు గ్యాసై పోతుంది. ఇది గుర్తు పెట్టుకోండి, సీసాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఈస్టు వేసిన మొదటి రోజు చాలావరకు చడీచప్పుడూ ఉండదు. తర్వాత పైన నురుగు తెట్టు లేస్తుంది, మూతకు పెట్టిన ఎయిర్‌లాక్ గొట్టంలో నీళ్లు టకటకమని కొట్టుకుంటాయి. రెండు మూడు రోజుల ఆ సంబరం చూడ్డానికి ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడతారు. నాలుగో రోజుకో అయిదో రోజుకో నురుగు దిగుతుంది, బుడగలు నిమిషానికి ఒకటి, ఆ తర్వాత గంటకు ఒకటి అవుతాయి, ఆపైన ఆగిపోతాయి. తొందరపడేది ఇక్కడే. ఎయిర్‌లాక్ పని గ్యాసును బయటికి పంపడం, బయటి గాలిని లోపలికి రానివ్వకపోవడం. దాన్ని కొలతగా ఎవరూ తయారు చెయ్యలేదు. ప్లాస్టిక్ బకెట్ మూత అంచున రబ్బరు సరిగా కూర్చోకపోతే గ్యాసు పక్కనుంచి పోతుంది. లోపల ఈస్టు జోరుగా పనిచేస్తున్నా ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ కనిపించదు. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. పులియడం ఎప్పుడో ముగిసిన బీరులో కూడా గ్యాసు కరిగి ఉంటుంది. గది కాస్త వేడెక్కితే, బయట తుఫాను వచ్చి వాతావరణ పీడనం తగ్గితే, ఆ కరిగిన గ్యాసు బయటికొచ్చి మళ్లీ బుడగలు వేస్తుంది. ఉన్నప్పుడు కనబడకుండా, లేనప్పుడు కనబడే గుర్తును నమ్మి గాజు సీసాలు నింపడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

నురుగు పడిపోవడమూ అంతే. కొన్ని గోధుమ బీరు ఈస్టులు పని ముగించాక కూడా నురుగును చాలా రోజులు పైనే ఉంచుతాయి. కొన్ని ఇంగ్లీషు ఈస్టులు పని పూర్తిగా ముగియకుండానే ముద్దలు కట్టి అడుగుకు చేరి, బీరును తేటగా కనబడేలా చేస్తాయి. ఇక బీరు తయారీ కిట్టు డబ్బా మీద అచ్చేసిన రోజుల లెక్క సంగతి. మీ గది ఎంత చల్లగా ఉందో, మీరు వేసిన ఈస్టు ఎంత బలంగా ఉందో ఆ డబ్బా అచ్చేసినవాళ్లకు తెలియదు.

మరి దేన్ని నమ్మాలి? చక్కెర ఎంత మిగిలిందో కొలవాలి. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసే ఉంటారు: గాజు గొట్టం, అడుగున బరువు, పైన సన్నటి కాడ మీద గీతలు. నీళ్లు కలిపిన పాలలో అది మరికాస్త మునుగుతుంది. బీరుకు వాడే హైడ్రోమీటర్ దాని తోబుట్టువే. మంచినీటిలో 1.000 దగ్గర నిలుస్తుంది. చక్కెర నిండిన వర్ట్‌లో పైకి తేలి, సాధారణంగా 1.050 ప్రాంతంలో ఆగుతుంది. పులుస్తున్నకొద్దీ చక్కెర తగ్గి, నీటికంటే తేలికైన ఆల్కహాలు చేరుతుంది కాబట్టి రెండు కారణాలతోనూ అది కిందికి దిగుతుంది. అలా దిగి దిగి 1.012 దగ్గరో 1.010 దగ్గరో నిలుస్తుంది. పాఠ్యపుస్తకాల్లో విశిష్ట గురుత్వం అని చదువుకున్నది ఈ అంకెనే.

ఈ పనిముట్టు బీరు దగ్గరికి సులువుగా రాలేదు. ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్‌లో, ఆల్టన్ అనే ఊళ్లో బీరు తయారు చేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ బేవర్‌స్టాక్ తండ్రికి ఇష్టం లేకపోవడంతో థర్మామీటర్‌ను చాటుగా వాడి చూడాల్సి వచ్చింది. ఆ తర్వాత హైడ్రోమీటర్ పట్టాడు. అనుభవం ముందు గాజు గొట్టం ఎంత అన్నది ఆనాటి పెద్ద తయారీదార్లలో చాలామంది ధోరణి. 1784లో జాన్ రిచర్డ్‌సన్ ఈ పనిముట్టు వాడకం మీద ఏకంగా ఒక పుస్తకం ప్రచురించాడు. దానితో కొలిచి చూసుకున్నాకే, చవకని కొంటున్న ముదురు రంగు మాల్ట్ నుంచి లేతరంగు మాల్ట్ కంటే చాలా తక్కువ చక్కెర వస్తోందని లండన్ తయారీదార్లకు అర్థమైంది. వాళ్లు మాల్ట్ కొనే తీరే మారింది. చేతి అంచనా గొప్పదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కాని బీరులో మిగిలిన చక్కెర కంటికి కనబడదు, కొద్దిగా ఉంటే హాప్స్ చేదు కింద నాలుకకూ అందదు.

కొలిచే పద్ధతి ఇది. ఈస్టు వేసే ముందే వర్ట్‌ను కొలిచి అంకె రాసిపెట్టుకోండి. అది లేకపోతే తర్వాతి అంకెలతో లెక్క కట్టలేరు. బుడగలు ఆగి, నురుగు దిగి, మరో రెండు మూడు రోజులు గడిచాక, శుభ్రం చేసిన గొట్టంతో కొద్దిగా బీరు తీసి పొడవాటి గ్లాసులో పొయ్యండి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి కొన్నిసార్లు తిరగబోసి గ్యాసు పోనివ్వండి, ఎందుకంటే హైడ్రోమీటర్‌కు అంటుకున్న బుడగలు దాన్ని పైకెత్తుతాయి. లోపల పెట్టాక ఒకసారి గిర్రున తిప్పండి. ఆగాక కంటిని ద్రవం మట్టానికి దించి, గాజు అంచున ఎగబాకిన భాగాన్ని వదిలేసి, అసలు మట్టం దగ్గర అంకె చదవండి. వేడి సంగతి మరవకండి. మామూలుగా ఈ గొట్టాలు 20 డిగ్రీల సెల్సియస్‌కు గాని 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు గాని సరిచేసి ఉంటాయి. ఏదన్నది లోపలి కాగితం మీదే రాసి ఉంటుంది. 20 డిగ్రీలకు సరిచేసిన గొట్టం 40 డిగ్రీల ద్రవంలో 6 అంకెలు, అంటే 0.006, తక్కువ చూపిస్తుంది. చూడ్డం అయ్యాక ఆ బీరును మళ్లీ బకెట్లో పొయ్యకండి, తాగి రుచి చూడండి.

ఒక్క కొలత సరిపోదు. రెండు మూడు రోజులు ఆగి రెండో కొలత తియ్యండి. రెండింటిలో అంకె ఒకటే ఉండాలి. 1.014 చూసి, మూడు రోజులకు 1.012 చూశారంటే ఈస్టు ఇంకా పనిలో ఉందన్నమాట; మరో మూడు రోజులు ఆగండి. అంకె నిలిచాక ఇంకొక పరీక్ష ఉంది: అది నిలవాల్సిన చోటే నిలిచిందా? ఈస్టు ప్యాకెట్టుతో పాటు అది వర్ట్‌లో ఎంత శాతం తింటుందో చెప్తారు, చాలా ఈస్టులకు 72 నుంచి 78 మధ్య. 1.050తో మొదలై 1.012 దగ్గర ఆగితే, 50లో 38 పోయినట్టు, అంటే 76 శాతం. సరిపోయింది. అదే బీరు 1.020 దగ్గర రెండుసార్లు కనబడితే 60 శాతమే అయింది. అది ముగిసిన బీరు కాదు, నడుమ ఆగిన బీరు. అందరికీ వర్తించే ఒకే అంకె చెప్పమని అడుగుతారు, అలాంటిది లేదు. పాలచక్కెర వేసిన స్టౌట్ 1.020 పైనే ఆగొచ్చు, బెల్జియం తరహా సైసాన్ 1.004 దాకా దిగొచ్చు.

నడుమ ఆగడం చలికాలంలో మనవాళ్ల ఇళ్లల్లో తరచూ జరుగుతుంది. షికాగోలోనో న్యూజెర్సీలోనో గరాజ్‌లో బకెట్ పెట్టారనుకోండి. ఏల్ తరహా ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. జనవరి రాత్రి గరాజ్ 12 డిగ్రీలకు పడిపోతే ఈస్టు అడుగుకు దిగి నిద్రపోతుంది. అంకె 1.016 దగ్గర నిలుస్తుంది, వారం తర్వాత చూసినా అదే. సీసాల్లో పోసి మూతలు నొక్కేస్తారు. మే నెలలో గరాజ్ వేడెక్కుతుంది, ఈస్టు లేస్తుంది, మిగిలిన చక్కెర మీద పడుతుంది.

అప్పుడు సీసాలో ఏమవుతుందో లెక్క కడదాం. 19 లీటర్ల బీరుకు సీసాల్లో నురగ కోసం సుమారు 120 గ్రాముల మొక్కజొన్న చక్కెర కావాలనే కలుపుతాం. దానితో లీటరు బీరులో రెండుంబావు, రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉంటుంది. మామూలు గది వేడిలో సీసా లోపలి ఒత్తిడి అప్పటికే కారు టైరులో ఉండే ఒత్తిడికి దగ్గర. ఆపైన, హైడ్రోమీటర్ మీద ఒక్కో అంకె దిగినప్పుడల్లా లీటరు బీరుకు సుమారు అర లీటరు గ్యాసు పుడుతుంది. 1.016 నుంచి 1.012కు దిగితే నాలుగు అంకెలు, అంటే మరో రెండు లీటర్లు. లోపలి ఒత్తిడి రెట్టింపు అవుతుంది. మామూలు బీరు సీసా అంత ఒత్తిడికి తయారైంది కాదు. షాంపేన్ సీసా అంత మందంగా ఎందుకుంటుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

కాబట్టి అంకె ఎక్కువ దగ్గర నిలిస్తే ముందు బకెట్‌ను వెచ్చటి గదిలోకి మార్చండి, 20, 21 డిగ్రీలకు రానివ్వండి. గాలి కలవకుండా మెల్లగా కదిపి, అడుగున చేరిన ఈస్టును లేపండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది. అసలు ఎంతవరకు దిగాలో ముందే తెలుసుకోవడానికి పెద్ద బ్రూవరీలు చేసే పరీక్ష ఒకటి మన వంటింట్లోనూ చెయ్యొచ్చు. మొదటి రోజే కొంచెం వర్ట్ వేరే సీసాలో తీసి, దానికి ఈస్టు చాలా ఎక్కువ వేసి, మూత బిగించకుండా 25 డిగ్రీల పైన వెచ్చగా పెట్టి అప్పుడప్పుడు కుదుపుతూ ఉండాలి. రెండు మూడు రోజుల్లో అది పూర్తిగా పులిసిపోతుంది. దాని అంకె మీ బకెట్ చేరాల్సిన గమ్యం. ఇంత సులువైన పరీక్షను ఇళ్లల్లో చేసేవాళ్లు ఎందుకింత తక్కువో నాకు అంతుబట్టదు.

రెండు సందర్భాల్లో నిలిచిన అంకెను కూడా అనుమానించాలి. ఒకటి, పులియడం ముగిశాక వాసన కోసం బకెట్లో ఎండు హాప్స్ వేసినప్పుడు. హాప్స్‌లో ఉండే ఎంజైములు డెక్స్‌ట్రిన్లను విరగ్గొట్టి ఈస్టుకు తినే చక్కెరగా మారుస్తాయి. ఆగిన బీరు మళ్లీ కదులుతుంది. దీన్ని బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు బ్రౌన్, మోరిస్ 1893లోనే నమోదు చేశారు. హాప్స్ విపరీతంగా వేసే ఇప్పటి ఐపీఏ బీర్లు వచ్చాక మళ్లీ అందరికీ గుర్తొచ్చింది. హాప్స్ వేశాక రెండు కొలతలూ కొత్తగా తియ్యాల్సిందే. రెండోది డయాస్టాటికస్ అనే ఈస్టు రకం. డెక్స్‌ట్రిన్లను విరిచే ఎంజైమును అది తనే తయారు చేసుకుంటుంది. కొన్ని సైసాన్ ఈస్టులు ఈ జాతివే. ముగిసిందనుకున్నాక కూడా వారాల తరబడి కొలత ఒక్కో అంకె చొప్పున దిగుతూ ఉంటుంది. అలాంటి ఈస్టు వాడితే కొలతల మధ్య మూడు రోజులు చాలవు, వారం ఉంచండి.

అంకె సరిగా నిలిచింది, గమ్యం చేరింది. అయినా ఇంకో పని మిగిలి ఉండొచ్చు. ఈస్టు పెరిగే రోజుల్లో దాన్నుంచి ఒక పదార్థం బీరులోకి జారి, మెల్లగా డయాసెటిల్‌గా మారుతుంది. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద వేసే వెన్న వాసన దాందే. పని చివర్లో ఈస్టు దాన్ని మళ్లీ లోపలికి తీసుకుని కరిగించేస్తుంది. మనం తొందరపడి ఈస్టును తీసేస్తే, చల్లబరిస్తే ఆ వాసన బీరులోనే ఉండిపోతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో పులిసే లాగర్‌లో ఇది ఎక్కువ కాబట్టి, చివర్లో బకెట్‌ను 16, 18 డిగ్రీలకు తెచ్చి రెండు మూడు రోజులు ఉంచుతారు. పరీక్ష కూడా ఉంది. బీరును రెండు చిన్న సీసాల్లో తీసి, ఒకదాన్ని మూత వదులుగా పెట్టి 60, 70 డిగ్రీల వేడి నీటిలో అరగంట ఉంచండి. చల్లార్చి రెండూ వాసన చూడండి. వేడి చేసినదాంట్లో వెన్న వాసన తగిలితే ఈస్టుకు ఇంకా నాలుగు రోజులు కావాలి. పచ్చి యాపిల్ వాసన వచ్చినా అంతే, తొందరపడకూడదు.

రిఫ్రాక్టోమీటర్ ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆల్కహాలు చేరాక అది చూపించే అంకె నేరుగా పనికిరాదు, లెక్కకట్టి సరిచేసుకోవాలి. బకెట్లో తేలుతూ ఫోన్‌కు అంకెలు పంపే ఎలక్ట్రానిక్ కొలమానాలు ముచ్చటగా ఉంటాయి, అంకె నిలిచిందా లేదా అన్నది బాగా చెప్తాయి. చివరి మాట మాత్రం గాజు గొట్టాన్నే అడగండి.

సీసాలు నింపేటప్పుడు ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా నింపండి. దాన్ని వేళ్లతో నొక్కితే లోపల గ్యాసు ఎంత చేరిందో తెలిసిపోతుంది. రాయిలా బిగుసుకున్నాక మిగతా సీసాలన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

ఇప్పటికే కొలవకుండా మూతలు బిగించినవాళ్లు ఎవరైనా వింటుంటే వాళ్లకు ఒక విన్నపం. ఆ సీసాలను వంటింటి అరల్లో, మనుషులు తిరిగే గదుల్లో ఉంచకండి. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, దళసరి తువ్వాలు కప్పి ఒక్కొక్కటిగా ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఒకటి రెండు రోజులు బాగా చల్లబడ్డాక, తువ్వాలు కిందనే మూత కొంచెం లేపి గ్యాసు పోనిచ్చి మళ్లీ కొత్త మూత నొక్కండి. ఇప్పటికే ఒక సీసా పేలి ఉంటే మిగతావాటిని ముట్టుకోవద్దు. ఆ గది తలుపు మూసి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకుండా, గది చల్లబడే దాకా ఆగండి. ఇరవై లీటర్ల బీరు పోతే మళ్లీ చేసుకోవచ్చు.